కడుపుతో ఉన్నప్పుడు పళ్ళు: ఇప్పుడే చూపించుకుంటే మేలా, కాన్పయ్యాకా?

ఇంట్లో ఆడపిల్ల కడుపుతో ఉందంటే పాలు, పండ్లు, స్కానింగులు, ఐరన్ బిళ్ళలు అన్నీ లెక్క ప్రకారం జరిగిపోతాయి. పళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నెల్లూరులో అడిగినా ఒంగోలులో అడిగినా వినబడే మాట ఒకటే: "కాన్పయినాక చూసుకుందాంలే, ఇప్పుడెందుకు ఆ సూదులూ మందులూ?" ప్రేమతో చెప్పే మాటే. కానీ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తే వాయిదా వేసే దారిలోనే నష్టం ఎక్కువ.

కడుపు నిలిచాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు బాగా పెరుగుతాయి. చిగుళ్ళకు రక్తం ఎక్కువగా పారుతుంది. మామూలు రోజుల్లో పట్టనంత కాస్త పాచికే చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది. రెండు మూడు నెలలప్పుడు మొదలై ఎనిమిదో నెల దాకా ఇది పెరుగుతూ పోవచ్చు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క ప్రకారం గర్భిణుల్లో 60 నుంచి 75 శాతం మందికి ఈ చిగుళ్ళ వాపు ఉంటుంది. కొందరికి రెండు పళ్ళ మధ్య ఎర్రటి బుడిపె కూడా లేస్తుంది. తాకితే చాలు రక్తం కారుతుంది. చూసి హడలిపోతారుగానీ అది క్యాన్సర్ కాదు, కాన్పయ్యాక చాలావరకు దానంతటదే అణిగిపోతుంది.

మా బంధువుల్లో కావలి అమ్మాయి ఒకతె అయిదో నెలలో బ్రష్ చేసి ఉమ్మితే నురగంతా గులాబీ రంగు. వాళ్ళ జేజి చూసి, "అసలే రక్తం తక్కువన్నారు కదమ్మా, ఆ బ్రష్ పక్కన పడేయ్, వేలితో రుద్దుకో" అంది. అమ్మాయి అలాగే చేసింది. పది రోజులు తిరగకముందే రక్తం రెట్టింపైంది, పైగా నోటి వాసన. పాచి పోకపోతే వాపు పోదు, వాపు ఉన్నన్నాళ్ళూ రక్తం ఆగదు. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా ఓపిగ్గా తోముకుంటేనే అది తగ్గేది.

ఇప్పుడా, తర్వాతా?

తర్వాత అనుకునేవాళ్ళు ఒక లెక్క మరిచిపోతారు. సూడిదలయ్యాక పిల్ల ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్తుంది. ఊరు మారుతుంది, డాక్టరమ్మ మారుతుంది. కాన్పయ్యాక పచ్చి బాలింత, పథ్యం, రాత్రిళ్ళు నిద్ర ఉండదు, చంకలో బిడ్డ. ఆ పరిస్థితిలో పంటి డాక్టరు గుమ్మం ఎవరు తొక్కుతారు? చాలామందికి అది బిడ్డ మొదటి పుట్టినరోజు దాటాకే. నాలుగో నెలలో చిన్న ఫిల్లింగ్‌తో పోయే పన్ను ఈలోగా పిప్పి పన్నై రూట్ కెనాల్ దాకా పోతుంది. ఇంకా దారుణం, తొమ్మిదో నెలలో అర్ధరాత్రి పన్ను పోటు.

ఇప్పుడే అనుకునేవాళ్ళకు భయాలు మూడు: మత్తు సూది, ఎక్స్‌రే, మందులు. పంటి దగ్గర ఇచ్చే లిగ్నోకెయిన్ మత్తు గర్భిణులకు వాడదగినదే. పంటి ఎక్స్‌రే పడేది దవడ మీద, పొట్ట మీద కాదు. రేడియేషన్ చాలా తక్కువ, కొన్నిచోట్ల సీసం ఆప్రాన్ కూడా కప్పుతారు. నిజంగా అవసరమైతే తీయించుకోవచ్చు. జాగ్రత్తంతా పడాల్సింది మందుల దగ్గరే. మెడికల్ షాపులో "పన్ను నొప్పికి బిళ్ళ" అని అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది డైక్లోఫెనాక్ కలిసిన బిళ్ళ. అదీ, ఐబుప్రోఫెనూ కడుపుతో ఉన్నవాళ్ళు సొంతంగా వేసుకోకూడదు. 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ రకం యాంటీబయాటిక్‌లు బిడ్డకు రాబోయే పళ్ళను పసుపుపచ్చగా మార్చగలవు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్, అవసరమైతే అమాక్సిసిలిన్ లాంటివి వీటికన్నా ఎంతో నయం. ఆలోచిస్తే చికిత్సకు భయపడి ఇంట్లో కూర్చున్నవాళ్ళే చివరికి ఆ ప్రమాదకరమైన బిళ్ళలు మింగుతున్నారు.

కాబట్టి నా ఓటు ఇప్పుడే. అందులోనూ నాలుగు నుంచి ఆరు నెలల మధ్య. వేవిళ్ళు తగ్గి ఉంటాయి, పొట్ట ఇంకా అంత బరువెక్కదు. గార తీయించుకోవడం, ఫిల్లింగ్‌లు అప్పుడే పూర్తిచేసుకుంటే పుట్టింటికి నిశ్చింతగా వెళ్ళొచ్చు. గార తీస్తే పళ్ళు వదులవుతాయని మనవైపు గట్టి నమ్మకం. పళ్ళ మధ్య గట్టిపడి ఉన్న గార పోగానే ఖాళీ కనబడుతుంది, అంతే. పన్ను కదలడానికి కారణం ఆ గార కిందే కరిగిపోయిన ఎముక. చీము, ముఖం వాపు, జ్వరంతో కూడిన పోటు ఉంటే మాత్రం నెల లెక్క చూడొద్దు, ఆ రోజే వెళ్ళాలి.

తర్వాతకు వదిలేయదగ్గవీ ఉన్నాయి. పళ్ళు తెల్లగా చేయించుకోవడం, క్లిప్పులు పెట్టించుకోవడం, అందం కోసం చేసే పనులన్నీ కాన్పయ్యాకే.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. చిగుళ్ళ జబ్బుకూ నెలలు నిండకుండా జరిగే కాన్పులకూ లంకె ఉందని చాలా అధ్యయనాల్లో కనబడింది. అయితే కడుపుతో ఉన్నప్పుడు గార తీయించుకుంటే ఆ ముప్పు కచ్చితంగా తప్పుతుందని రుజువు కాలేదు. శుభ్రం చేయించుకోమనేది తల్లి నోటి కోసం. అలాగే "ఒక్కో కాన్పుకు ఒక్కో పన్ను పోతుంది" అనే మాట. బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం లాక్కోదు. తిండిలో చాలకపోతే తీసుకునేది ఎముకల్లోంచి. పళ్ళు పోయేది పాచితో, పులుపుతో, వాయిదాలతో.

పుల్లా, పొడా, పేస్టా?

ఇక్కడ ఒకటే గెలుస్తుందని చెప్పలేను. వేప పుల్ల, కానుగ పుల్ల నమిలి కుంచెలా చేసుకుని తోముకుంటే ముందు పళ్ళు బాగానే శుభ్రపడతాయి. పేస్టు నురగ తగలగానే కక్కు వచ్చేవాళ్ళకు మొదటి మూడు నెలల్లో పుల్లే కాస్త ఓర్చుకోగలిగేది. కాకపోతే దవడ పళ్ళ లోపలి వైపుకు అందదు. ఉబ్బిన చిగురుకు గట్టి పీచు గుచ్చుకుంటుంది. రసం మింగకుండా ఉమ్మేయాలి, వేప నూనె లాంటివి ఈ నెలల్లో లోపలికి అసలు తీసుకోకూడదు.

బొగ్గు, కచ్చిక, గరుకైన ఎర్ర పళ్ళపొడి వద్దే వద్దు. తెల్లబడినట్టే ఉంటుందిగానీ పైపొర అరిగి జివ్వుమనడం మొదలవుతుంది. పొగాకు కలిసిన పళ్ళపొడి, పేస్టులను 1992లోనే మన దేశంలో నిషేధించారు. అయినా ముక్కుపొడితో పళ్ళు తోముకునే అలవాటు పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. కడుపులో బిడ్డ ఉండగా అది రెండు ప్రాణాలతో చెలగాటం.

మిగిలింది పేస్టు, మెత్తటి బ్రష్. వాంతి వస్తుంటే చిన్నపిల్లల బ్రష్ కొనుక్కోండి, పేస్టు శనగ గింజంత చాలు. పొద్దున్నే కుదరకపోతే కడుపు నెమ్మదించిన ఏ గంటకైనా తోముకోండి.

కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు వాళ్ళకు ఇంకో సందేహం: నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఉంటే మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టు ఎందుకని. న్యాయమైన ప్రశ్నే. పళ్ళ మీద ఆ గోధుమరంగు మచ్చలు పడేది చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడు, మింగిన నీళ్ళ వల్ల. పెద్దవాళ్ళ పళ్ళు ఎప్పుడో తయారైపోయాయి. వాళ్ళు పేస్టు వాడి ఉమ్మేస్తే కొత్త మచ్చలు రావు, పైగా పుచ్చు ఆగుతుంది. చూసుకోవాల్సింది తాగే నీళ్ళను. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిదని, 1.5 దాటకూడదని మన ప్రమాణాలు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌వో నీళ్ళు పనిచేస్తాయి, రేపు పుట్టే బిడ్డకూ అవే మేలు.

నిమ్మకాయా, సోడా ఉప్పు నీళ్ళా?

వేవిళ్ళకు నిమ్మకాయ మన ఇళ్ళలో మొదటి మందు. పొదలకూరు చుట్టుపక్కల తోటలే నిమ్మ, కొదవేముంది! వాసన చూస్తే హాయే. కానీ బద్ద కోసి రోజంతా చప్పరిస్తే, పైన పచ్చి మామిడి, చింతకాయ తోడైతే, వాంతితో వచ్చే ఆమ్లానికి ఇంకో ఆమ్లం కలిసి పంటి పైపొర మెత్తబడుతుంది. వాంతి కాగానే చాలామంది వాసన పోవాలని వెంటనే బ్రష్ పట్టుకుంటారు. అప్పుడు మెత్తబడ్డ పొరనే గీకినట్టవుతుంది. గ్లాసు నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మండి, కనీసం అరగంట ఆగి తోముకోండి. పులుపు తినాలనిపిస్తే అన్నంలోకి తినండి, చేపల పులుసు ఎవరూ మానమనరు. అంగన్‌వాడీలో చిక్కీ ఇచ్చినా అంతే, గంటగంటకూ ఓ ముక్క కొరక్కుండా తిండితోపాటు తినేసి నోరు కడుక్కుంటే సరి.

ఉప్పునీళ్ళ పుక్కిలికీ సీసా మౌత్‌వాష్‌కూ పోటీ పెడితే ఉప్పునీళ్ళకే నా మొగ్గు. గోరువెచ్చని గ్లాసు నీళ్ళలో అర చెంచా ఉప్పు వాచిన చిగురుకు ఉపశమనం. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టరు రాస్తే ఆ కొద్ది రోజులకే, ఎక్కువ వాడితే పళ్ళ మీద మచ్చలు పడతాయి. రెండూ బ్రష్‌కు బదులు కావు. లవంగ నూనె దూదితో నేరుగా పెడితే చిగురు కాలుతుంది, దానికన్నా లవంగం బుగ్గన పెట్టుకోవడమే నయం.

పొగతోటా, డెంటల్ కాలేజీనా?

నెల్లూరు పొగతోటలో అడుగడుక్కీ ఆస్పత్రే. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళినరోజే పక్కనే పళ్ళూ చూపించుకుని రావచ్చు, పని త్వరగా అవుతుంది, ఖర్చు ఎక్కువ. చింతారెడ్డిపాళెంలో నారాయణ డెంటల్ కాలేజీ ఉంది. బోధనాసుపత్రుల్లో ఖర్చు తక్కువ, విద్యార్థులు చేసే పనిని పైన అధ్యాపకులు చూస్తారు. కానీ సమయం పడుతుంది, రెండు మూడుసార్లు తిరగాలి. అయిదో నెలలో ఓపిక ఉన్నవాళ్ళకు కాలేజీ మేలు, ఎనిమిదో నెలలో పోటుతో వెళ్ళేవాళ్ళకు క్లినిక్. డబ్బు ఇబ్బంది ఉంటే ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. 2016 నుంచి నడుస్తున్న ఏర్పాటే. ఆ రోజు నోరు తెరిచి చిగుళ్ళు చూపించి, పళ్ళ విభాగానికి రాసివ్వమని అడగండి. అడగకపోతే ఎవరూ చూడరు.

ఎక్కడికి వెళ్ళినా ఎన్నో నెలో ముందే చెప్పి, వాడుతున్న బిళ్ళల చీటీ చూపించాలి. నెలలు పెరిగాక కుర్చీలో వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే పొట్ట బరువుకు పెద్ద రక్తనాళం నొక్కుకుపోయి కళ్ళు తిరుగుతాయి. కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టమనండి, ఎడమ వైపుకు కాస్త ఒరిగి పడుకోండి. ఇబ్బందిగా ఉంటే చెయ్యెత్తి ఆపించండి.