క్యాన్సర్ సర్జన్ పరిశోధనకు కొలత: సైటేషన్లా, హెచ్-ఇండెక్సా, మారిన ఆపరేషనా?

ప్రమోషన్ ఇంటర్వ్యూ అయినా, అవార్డు కమిటీ అయినా ఇప్పుడు ముందుగా తెరిచేది, పరిశోధన పేపర్ల లెక్క చూపే గూగుల్ స్కాలర్ పేజీనే. మొత్తం సైటేషన్లు (అంటే వేరే పేపర్లు ఈ పేపర్లను పేర్కొన్న సార్లు) ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత అన్నవి అందులో పైనే కనిపిస్తాయి. పేపర్లు తెరిచి చదివే ఓపిక లేనివాళ్లకు ఆ రెండు అంకెలూ భలే సౌకర్యం. క్యాన్సర్ సర్జన్ల విషయంలో మాత్రం మూడో కొలత కూడా ఉంది: ఆయన పేపరు వచ్చాక ఆపరేషన్ థియేటర్‌లో ఏం మారింది? నా ఓటు దీనికే.

మొత్తం సైటేషన్లతో చిక్కేమిటో ఒక పేపరు చూస్తే తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాత వచ్చే కాంప్లికేషన్లను గ్రేడ్లుగా విడదీసే పద్ధతిని జ్యూరిక్ సర్జన్లు డిండో, డెమార్టిన్, క్లావియన్ 2004లో 6,336 మంది రోగుల వివరాలతో ప్రచురించారు. ఆ తర్వాత ఏ దేశంలో ఏ సర్జన్ తన ఫలితాలు రాసినా ‘ఈ గ్రేడింగ్ వాడాం’ అంటూ ఆ పేపరును పేర్కొనడం ఆనవాయితీ అయిపోయింది. సైటేషన్లు వేలకు వేలు. మంచి పనే, కాదనను. కానీ ఇలాంటి సైటేషన్ పనిముట్టుకు కట్టే అద్దె లాంటిది. రోగి బతుకు ఎంత మారిందో దాన్నిబట్టి చెప్పలేం. పైగా రొమ్ము క్యాన్సర్ మీద రాసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, నోటి క్యాన్సర్ మీద తక్కువ. కాబట్టి సమానంగా మంచి పేపర్లు రెండున్నా సైటేషన్లు సమానంగా రావు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన జార్జ్ హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. కనీసం 40 సైటేషన్లు చొప్పున ఉన్న పేపర్లు 40 ఉంటే హెచ్-ఇండెక్స్ 40. ఒక్క పేపరు హిట్టయినంత మాత్రాన ఇది పెరగదు, అది మంచిదే. కానీ జీవితం మొత్తంలో పది ట్రయల్సే (రోగులపై వైద్య పద్ధతులను పోల్చి చూసే పరీక్షలు) చేసి, పదీ వైద్యాన్ని మార్చేసిన సర్జన్‌కు కూడా వచ్చేది పదే. మామూలు పేపర్లు ఏటా డజను చొప్పున వదిలేవాళ్లు ఆయన్ను సులువుగా దాటేస్తారు. పేపరు మీద ఎంతమంది పేర్లున్నాయో కూడా ఈ లెక్కకు పట్టదు. 2021లో కోవిడ్ కాలపు సర్జరీల మీద వచ్చిన ఒక పేపరుకు 15,025 మంది రచయితలు. గిన్నిస్ రికార్డు అది! ఆ పేపరు సైటేషన్లు అందరి ఖాతాలోనూ పడతాయి.

ఇక మూడోది. రొమ్ము క్యాన్సర్‌కు అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ 1894లో రాసిన పద్ధతి ప్రకారం రొమ్ముతో పాటు ఛాతీ కండరాలూ, చంకలోని లింఫ్ గ్రంథులూ తీసేసేవారు. ఎనభై ఏళ్లు దాదాపు అదే నడిచింది. పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్, మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసి విడివిడిగా దాన్ని ప్రశ్నించారు. గడ్డ, దాని చుట్టూ కాస్త భాగం తీసి రేడియేషన్ ఇస్తే సరిపోదా అన్నది ఫిషర్ ప్రశ్న. వెరొనేసి రొమ్ములో గడ్డ ఉన్న పావు భాగం తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇద్దరి 20 ఏళ్ల ఫలితాలూ 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. మిలాన్ ట్రయల్‌లో 701 మంది, ఫిషర్ లెక్కలో 1,851 మంది. రొమ్ము మొత్తం తీసినా, ఉంచినా బతికినవాళ్ల శాతంలో తేడా లేదు. అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టడం మాత్రం ఫిషర్ ట్రయల్‌లో రేడియేషన్ ఇస్తే 14.3 శాతం, ఇవ్వకపోతే 39.2 శాతం. ఈ రోజు గడ్డ వరకే తీయించుకుని ఇంటికెళ్లే ఆవిడకు ఫిషర్ ఎవరో తెలియదు. ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా ఆయన్ను ఎక్కడా సైట్ చేయరు, చేయాల్సిన పనీ లేదు.

మన దేశంలోనూ ఉదాహరణలున్నాయి. నోటి క్యాన్సర్ తొలిదశలో మెడ గ్రంథులను అప్పుడే తీసేయాలా, అక్కడ జబ్బు కనిపించాక తీయాలా అన్నది పాత వాదన. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో అనిల్ డిక్రూజ్ బృందం 2015లో తేల్చింది: ముందే తీస్తే మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు, ఆగి తీస్తే 67.5 శాతం. గుట్కా, ఖైనీ నమిలే మన జనానికి ఇంతకంటే దగ్గరి లెక్క ఏముంటుంది? అదే ఏడాది అక్కడే రాజేంద్ర బడ్వే బృందం ఇంకోటి చూపించింది. రొమ్ము క్యాన్సర్ అప్పటికే వేరే అవయవాలకు పాకి, కీమోకు తగ్గిన 350 మందిని తీసుకుంటే, రొమ్ములో గడ్డకు ఆపరేషన్ చేసినా ఆయుష్షు పెరగలేదు. అనవసరపు కోత తప్పించడమూ సర్జన్ చేసిన పరిశోధనే.

ఈ కొలతకూ లోపాలున్నాయి. ఫలితం తేలడానికి ఇరవై ఏళ్లు పట్టొచ్చు. ముప్పై ఐదేళ్ల అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను అంతకాలం ఆగమనలేం. ట్రయల్ అంటే వందలమంది పని, పేరు మాత్రం ఒకరిద్దరిదే. తప్పు కూడా అలాగే ఒకరి మీదే పడుతుంది. ఫిషర్ ట్రయల్స్‌లో పాల్గొన్న మాంట్రియల్ సర్జన్ ఒకరు రోగుల వివరాలు తారుమారు చేశారని 1994లో బయటపడితే, ఫిషర్ పదవి పోయింది. ఆయన పేపర్లకు డేటాబేస్‌లో తప్పుడు పరిశోధన అన్న ముద్ర కూడా తగిలించారు. ఆ మాంట్రియల్ సర్జన్ ఆసుపత్రి వివరాలు తీసేసి లెక్కకట్టినా ఫలితం మారలేదు. 1997లో ఆయన తప్పేమీ లేదని తేల్చారు.

కాబట్టి కమిటీల్లో ఉన్నవాళ్లు అంకెలు పక్కనపెట్టి, ‘మీ పనివల్ల ఏది మారింది, మూడు పేపర్లు చూపించండి’ అని అడిగితే మేలు. వయసులో చిన్నవాళ్ల దగ్గర హెచ్-ఇండెక్స్ చూడొచ్చు, అదీ తమ పేపర్లను తామే పేర్కొన్న సైటేషన్లు తీసేసి. గైడ్‌ను వెతుక్కునే ఎం.సి‌హెచ్. విద్యార్థి (సర్జరీలో సూపర్ స్పెషాలిటీ చదివేవారు) అయితే ఆ గైడ్ పాత విద్యార్థులు పేపర్లలో మొదటి పేరుగా ఉన్నారో లేదో చూడాలి. ఇంట్లో ఎవరికో ఆపరేషన్ ఉండి సర్జన్ కోసం వెతికేవాళ్లు ఈ మూడు కొలతలూ వదిలేసి, ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారో ఆయన్నే అడగండి.