ఆల్‌బెర్గ్ 30: ఒరుగుతుందని వదులుకోకండి

చాలా ఏళ్లుగా అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ బే అనే అఖాతంలో ఆల్‌బెర్గ్ 30 అనే తెరచాప పడవ నడుపుతున్నాను. కొనాలని వచ్చినవాళ్లు దీన్ని చూసి జడుసుకునేది ఒక్క విషయానికే: ఓ మోస్తరు గాలికే పక్కకు ఒరుగుతుంది. నాకు ఈ పడవ నచ్చింది ఆ ఒరుగు వల్లనే.

స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన కార్ల్ ఆల్‌బెర్గ్ దీన్ని రూపొందించాడు. కెనడాలోని విట్‌బీ బోట్ వర్క్స్ 1962 నుంచి ఏడు వందలకు పైగా కట్టింది. మొత్తం పొడవు 30 అడుగుల 3 అంగుళాలైతే, నిటారుగా ఉన్నప్పుడు నీటిని తాకేది 21 అడుగుల 8 అంగుళాలే. ఒరిగిందంటే నీటిపైకి సాగి ఉన్న ముందు, వెనుక కొసలు కూడా నీటిలోకి దిగుతాయి. తాకే పొడవుతో పాటు వేగమూ పెరుగుతుంది. ఇరవై డిగ్రీల దగ్గరికి వచ్చాక పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే కీల్‌లోని సుమారు 3,300 పౌండ్ల బరువు గట్టిగా ఎదురు నిలుస్తుంది. ఆపైన వంచడం గాలికి అంత సులువు కాదు.

చెసపీక్ లోతు తక్కువ. గాలి, పోటు ఎదురెదురైతే కురచ అలలు నిటారుగా లేస్తాయి. వెడల్పాటి కొత్త పడవలు వాటి మీద దబదబా పడుతుంటే, సన్నని ఈ పడవ అలను చీల్చుకుంటూ సాగిపోతుంది. ఎంత హాయో!

గాలి పదిహేను నాట్లు (గంటకు సుమారు 28 కిలోమీటర్లు) దాటితే పడవ ముక్కు గాలివైపు తిరగజూస్తుంది, చుక్కానిని తిప్పే కర్ర, అంటే టిల్లర్, చేతిని లాగేస్తుంది. అప్పుడు చాలామంది ముందు జిబ్‌ను, అంటే ముందువైపు తెరచాపను, తగ్గిస్తారు. అలా చేయకండి, మాస్ట్ (తెరచాపల స్తంభం) వెనుక ఉండే ప్రధాన తెరచాప మెయిన్‌సెయిల్‌కు రీఫ్ వేయండి, అంటే కొంత మడిచి చిన్నది చేయండి. వేగం దాదాపు అంతే ఉంటుంది, టిల్లర్ మాత్రం రెండు వేళ్లకు లొంగుతుంది. ఎదురుగాలిలో దాన్ని తాడుతో కట్టేసి టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లినా పడవ దారి తప్పదు. పొడవాటి కీల్ ఇచ్చే నిలకడ అది. 1980ల మొదట్లో కెనడా నావికుడు ఈవ్ జెలినా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టింది ఆల్‌బెర్గ్ 30లోనే.

ఇంజిన్‌తో వెనక్కి నడపడం మాత్రం నరకం. ఎటు తిరుగుతుందో దాని ఇష్టం. ఆగస్టులో గాలి చచ్చిపోతే బద్ధకంగా కదులుతుంది. క్యాబిన్ ఇరుకు, నలుగురి కుటుంబానికి రెండు రాత్రుల కంటే కష్టం.

కొనే ముందు మాస్ట్ కింది దూలాన్ని చూడండి. మాస్ట్ డెక్ మీదే నిలబడుతుంది కాబట్టి భారమంతా దాని మీదే. ముందు గది తలుపు బిగుసుకుపోతుంటే దూలం కుంగిందేమోనని అనుమానించాలి. డెక్‌ను సుత్తి పిడితో తట్టండి. మొద్దు చప్పుడు వచ్చిన చోట లోపలి పొర తడిసి ఉండవచ్చు. ఆ బాగుచేత ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి.