బెంగళూరులో తొలి ఉద్యోగం: జనరల్ వార్డా, ఐసీయూనా?

బీఎస్సీ నర్సింగ్ ముగించి అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చే చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

పేషెంట్లు: ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న ఒక్కరికి ఒక నర్సు ఉండాలి. వార్డులో ఆరుగురికి ఒకరని కాగితం మీద ఉంటుంది. నైట్ డ్యూటీలో ఆ కాగితం ఎవరూ చూడరు.

భాష: వార్డులో కన్నడ తప్పదు. ‘తలె సుత్తు’ అంటే కళ్లు తిరగడం. మొదటి వారం నేను తలనొప్పి అని రాసేశాను, సీనియర్ అక్క చూసి దిద్దింది. ఐసీయూలో చాలామంది మాట్లాడే స్థితిలోనే ఉండరు.

రిస్క్: ఐసీయూలో నార్‌అడ్రినలిన్ (బీపీ పడిపోకుండా నిలబెట్టే మందు) పంపులో ఒక్క అంకె తప్పితే బీపీ నిమిషాల్లో మారిపోతుంది. కానీ అక్కడ మానిటర్ మోగుతుంది. వార్డులో ఏదీ మోగదు. శ్వాస నిమిషానికి 18 నుంచి 28కి పెరిగిందని మనమే లెక్కపెట్టి పట్టుకోవాలి. నాకైతే ఇదే కష్టం.

శ్రమ: వార్డులో కాళ్లనొప్పులు, ఐసీయూలో టెన్షన్.

కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) వేయాలంటే ఇంకా చేయి వణుకుతుంటే ముందు ఆరు నెలలు వార్డు. పక్కన నిలబడి నేర్పే సీనియర్ ఉంటారని ఇంటర్వ్యూలోనే మాట ఇస్తే, తర్వాత గల్ఫ్‌కి వెళ్లే ఆలోచన కూడా ఉంటే, ఐసీయూ.