పప్పు వేసిన కూరగాయల సూప్: ఏళ్ల తరబడి వండాక నా అభిప్రాయం

మా ఇంట్లో నలుగురం. సరుకులకు నెలకు ఇంత అని ముందే తీసి పక్కన పెట్టుకుంటాం, ఆ డబ్బులోనే నెలంతా గడవాలి. మాంసం లేని సూప్‌ని రాత్రి భోజనంగా పెట్టడం ఆ లెక్క వల్లే మొదలైంది. ఇన్నేళ్లు సాగడానికి మాత్రం కారణం రుచే. పిల్లలు అడిగి మరీ రెండోసారి వేయించుకుంటారు. అలాగని ఏ సూప్ పెట్టినా ఇలా ఉంటుందని చెప్పను. నేను చూసినంతవరకు తేడా అంతా పప్పు దగ్గరే ఉంది.

ఉత్త కూరగాయల సూప్ ఎంత కమ్మగా ఉన్నా కాసేపటికే మళ్లీ ఆకలేస్తుంది. క్యారెట్, క్యాబేజీ, టమాటా, వీటన్నిటిలో ఎక్కువ భాగం నీళ్లే. భోజనం అయ్యాక పిల్లలు బిస్కెట్ల డబ్బా తెరిస్తే మనం మిగిల్చింది ఏమీ లేనట్టే. అదే గిన్నెలో ఒక కప్పు, అంటే సుమారు 200 గ్రాముల మసూర్ పప్పు వేస్తే పరిస్థితి మారిపోతుంది. ఎండు పప్పులో 100 గ్రాములకు దాదాపు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. నలుగురికి పంచితే తలా 12 గ్రాములు. దాంతోపాటు బోలెడంత పీచు.

ఒక్క రకం పప్పే కొనగలిగితే పొట్టు తీసిన మసూర్ పప్పు కొనమంటాను. నానబెట్టే పని లేదు, మామూలు గిన్నెలో 20 నిమిషాల్లో మెత్తబడుతుంది. కరిగిపోయి సూప్‌ని తనే చిక్కబరుస్తుంది కాబట్టి క్రీమ్, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. పని నుంచి అలసిపోయి వచ్చిన రోజు వంట టెన్షన్ లేకుండా చేసేది ఇదే. మా కొలత: కప్పు పప్పుకి ఆరు కప్పుల నీళ్లు, రెండు ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, మూడు టమాటాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు.

శనగలు, రాజ్మా నమిలే తృప్తి ఇస్తాయి, సెలవు రోజుకి బాగుంటాయి. కానీ ముందురోజు రాత్రే గుర్తుపెట్టుకుని నానబెట్టాలి, గ్యాస్ కూడా ఎక్కువ ఖర్చవుతుంది. రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. సరిగ్గా ఉడకని గింజల్లో ఉండే లెక్టిన్ అనే సహజ విషపదార్థం వల్ల తీవ్రంగా వాంతులు, విరేచనాలు అవుతాయి. నాలుగైదు గింజలు చాలు. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, కనీసం 10 నిమిషాలు తెర్లనివ్వాలి. ఆ తర్వాతే మంట తగ్గించి మెత్తబడేదాకా ఉడికించాలి. స్లో కుక్కర్‌లో పచ్చి రాజ్మా నేరుగా వేయకండి, ఆ తక్కువ వేడికి లెక్టిన్ పోదు. ప్రెషర్ కుక్కర్ అయితే నిశ్చింత, లోపలి వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. గింజలు వేసినప్పుడు మాత్రం నీళ్లతో కలిపి కుక్కర్ సగానికి మించి నింపకూడదు. నురగ పొంగి ఆవిరి దారికి అడ్డం పడుతుంది.

ఇక రుచి. మాంసం లేని సూప్ చప్పగా ఉంటుందనేవాళ్లు ఉల్లిపాయకి టైమ్ ఇచ్చి చూడాలి. సన్న మంట మీద పావుగంటకి పైగా, బంగారు రంగు దాటి గోధుమ రంగుకి వచ్చేదాకా వేయించాలి. నీళ్లు పోశాక గిన్నె అడుగున అంటుకున్నది గరిటెతో గీకి కలిపేయాలి, అసలు రుచి అక్కడే ఉంటుంది. కొన్ని పుట్టగొడుగులనో, ఒక చెంచా సోయా సాస్‌నో చేరిస్తే వాటిలోని గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థం వల్ల మాంసం పులుసులో ఉండే ఆ నిండుదనం వస్తుంది. నూనె దగ్గర మరీ పొదుపు వద్దు. వెల్లుల్లి, మసాలాల వాసన నూనెలోకే దిగుతుంది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టడానికీ కొంచెం కొవ్వు కావాలి. రెండు చెంచాలు చాలు.

పులుపు ఎప్పుడూ చివర్లోనే. శనగలు, రాజ్మా మెత్తబడకముందే టమాటా వేస్తే అవి మెత్తబడటానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. నిమ్మరసం దించాక పిండితే రుచి తేలుతుంది. పప్పులోని ఇనుము బాగా ఒంటబట్టడానికి విటమిన్ సి తోడ్పడుతుంది కూడా.

కూరగాయల తొక్కలు దాచి స్టాక్, అంటే సూప్‌లో నీళ్లకు బదులు పోసే రసం, కాయడం గురించి చాలామంది గొప్పగా చెబుతారు. నాకు అంతగా నచ్చలేదు. గ్యాస్ ఖర్చుకి తగ్గ రుచి రాదు, క్యాబేజీ, కాలీఫ్లవర్ ముక్కలు పడితే వాసన భరించలేం. శనగలు ఉడికిన నీళ్లు పైసా ఖర్చు లేని మంచి స్టాక్, నేను దాన్నే వాడతాను. సూప్ క్యూబులు వాడితే విడిగా ఉప్పు వేసేముందు రుచి చూడండి, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ.

పెద్ద గిన్నెడు వండి మర్నాటికి ఉంచుకోవడంలోనే నిజమైన ఆదా ఉంది. రెండు గంటల్లోపు వెడల్పాటి, లోతు తక్కువ గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు. గడ్డకట్టించాలనుకుంటే బంగాళదుంప వేయకండి, కరిగాక పిండిపిండిగా తయారవుతుంది. పాస్తా అయితే విడిగా ఉడికించి తినేముందు కలపండి, లేకపోతే తెల్లారేసరికి రసమంతా పీల్చేస్తుంది.

లోటు లేకపోలేదు. పప్పు అలవాటు లేనివాళ్లకి మొదట్లో కడుపుబ్బరం వస్తుంది, కొద్దికొద్దిగా పెంచాలి. ఒకే తీరులో పెడితే మొహం మొత్తుతుంది. దానికి నేను చేసేది, ఒకసారి జీలకర్ర, ఇంకోసారి మిరియాలు మార్చడం, ఒకసారి మొత్తం మెత్తగా రుబ్బి, మరోసారి సగమే రుబ్బి ముక్కలు వదిలేయడం. ఒళ్లు వంచి కష్టపడి వచ్చేవాళ్లకి సూప్ ఒక్కటే ఆనదు, పక్కన రొట్టో అన్నమో పెట్టాల్సిందే. ఆ లెక్క కూడా కలుపుకున్నా, మా ఇంట్లో ఇంత తక్కువ ఖర్చుతో నలుగురికీ కడుపు నింపే రాత్రి భోజనం నాకు ఇంకొకటి దొరకలేదు.