సన్నబడే టంబ్లర్ల మీద లేజర్ పని: వాలు సరిచేసుకునే చక్ రోటరీతో నా అనుభవం

గుండ్రటి వస్తువును రెండు రోలర్ల మీద ఉంచి లేజర్ కింద తిప్పే రోలర్ రోటరీ మీద పని చేసినంత కాలం నన్ను వేధించింది ఒక్కటే: పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే టంబ్లర్ (పొడవాటి స్టీలు గ్లాసు) తిరిగే కొద్దీ ఓ పక్కకు జరిగిపోవడం. శంకువు ఆకారపు వస్తువును బల్ల మీద దొర్లిస్తే నేరుగా పోకుండా వలయంగా తిరుగుతుంది. సమాంతరంగా ఉన్న రెండు రోలర్ల మీద పెట్టినా దాని గుణం మారదు కాబట్టి, తిరుగుతూనే మెల్లగా పక్కకు నడుస్తుంది. చిన్న పేరు వేసినప్పుడు ఇది కంటికి ఆనదు. ఒక గృహప్రవేశం ఆర్డరులో మాత్రం మూతి కింద చుట్టూ మామిడి తోరణం కోరారు. చుట్టు పూర్తయ్యేసరికి చివరి ఆకు మొదటి ఆకు కంటే బియ్యపుగింజంత కిందికి దిగింది. సన్నటి అడుగుకు టేపు చుట్టి లావు చేశాను, జారకుండా రబ్బరు రింగులు మార్చాను. జరగడం తగ్గిందే గాని పోలేదు. పైనుండే రంగు పూత, అంటే పౌడర్ కోటింగ్, లేజర్‌కు ఒకసారి కాలి లోపలి స్టీలు బయటపడ్డాక దిద్దుకునే వీలుండదు కనుక, పాడైన టంబ్లర్ల నష్టం నేనే భరించాను.

ఆ తర్వాత, వస్తువును దవడలతో పట్టి తిప్పే చక్ రోటరీ తెచ్చుకున్నాను, నేటికీ దాన్నే వాడుతున్నాను. దాని దవడలు మూతిని లోపలి నుంచి పట్టుకుంటాయి గనుక టంబ్లర్ పక్కకు జరగదు; తోరణం వేసే చోటి వ్యాసం మెషీనుకు సరిగ్గా ఇస్తే చివరి ఆకు మొదటి ఆకును కలుసుకుంటుంది. దానికన్నా నేను ఎక్కువ మెచ్చుకునేది, అడుగు వైపు పైకి లేచేలా చక్‌ను వంచి బిగించుకునే ఏర్పాటును. నేను ఎక్కువగా చేసే టంబ్లర్ పొడవు సుమారు 150 మిల్లీమీటర్లు, వ్యాసం మూతి దగ్గర 88, అడుగున 70. అంటే గోడ వాలు దాదాపు మూడున్నర డిగ్రీలు. వంచకుండా 80 మిల్లీమీటర్ల పొడవున చెక్కితే ఆ చివరకూ ఈ చివరకూ లెన్సు దూరంలో 5 మిల్లీమీటర్ల దాకా తేడా వస్తుంది. రెండంగుళాల ఫోకస్ దూరం ఉన్న లెన్సు అంత తేడాను భరించలేదు, ఒక వరుస పదునుగా వస్తే ఇంకో వరుసలో వత్తులు పూడుకుపోతాయి. పైకి తిరిగిన గోడ మీద రసమట్టం ఉంచి, బుడగ నడిమికి వచ్చేదాకా వాలు సరిచేసి బిగిస్తే, ‘లక్ష్మి’ అన్న పేరులోని మ వత్తు కూడా విడిగా, తెల్లగా మెరుస్తుంది.

అయితే మట్టం కుదిరినంత మాత్రాన అక్షరాల వెడల్పు కుదరదు. పేర్ల పనికి నడిమి వ్యాసాన్నే ఇస్తాం కాబట్టి పై వరుస సుమారు ఆరు శాతం సాగుతుంది, కింది వరుస అంతే కుదించుకుపోతుంది. ఆ తేడాను డిజైన్ ఫైలులోనే ముందుగా దిద్దుకోవాలి. వాడగా వాడగా వాలు బిగించే బోల్టు కూడా మెషీను అదురుకు వదులవడం మొదలైంది. కింది వరుస మసకబారితే గాని అది బయటపడలేదు. స్ప్రింగ్ వాషరు వేశాక బెడద తగ్గింది, అయినా పెద్ద ఆర్డరుకు ముందు రసమట్టం పెట్టకుండా మొదలుపెట్టను.

నిటారు గోడల సీసాలే చేసేవారికి రోలరే హాయి, పెట్టి తీయడం క్షణాల పని. నాకు పేర్లు, చుట్టూ అంచులు కోరే రిటర్న్ గిఫ్టులే ఎక్కువ గనుక చక్ ఖర్చు గిట్టింది. పైగా నా మెషీను బెడ్డు (వస్తువును పెట్టే బల్ల) బాగా కిందికి దిగుతుంది. చక్ ఎత్తు రోలర్ కన్నా ఎక్కువ కాబట్టి, బెడ్డు దిగని చిన్న మెషీను ఉన్నవారు లెన్సు కింద టంబ్లర్‌కు ఎంత చోటు మిగులుతుందో కొలుచుకున్నాకే కొనాలి.