సింగపూర్‌లో వేసవి సెలవులు: పార్కుకు ఒక రోజు, పేటలకు మిగతావన్నీ

పిల్లలతో సింగపూర్ అనగానే యూనివర్సల్ స్టూడియోస్, జూ, నైట్ సఫారీ, వాటర్ పార్క్ అని వరసబెట్టి టికెట్లు కొనేస్తుంటారు. అలా కొనొద్దని గట్టిగా చెబుతాను. రోజూ పార్కే అయితే మూడో రోజుకి పిల్లలు కూడా డీలా పడతారు. పార్కు మర్నాడు ఏదో ఒక పేటలో తీరిగ్గా తిరగండి.

ముందు తేదీలు చూసుకోండి. మన బళ్లకు ఏప్రిల్ చివర్లోనే సెలవులిస్తారు. సింగపూర్ బళ్లకు మే నెలాఖరు నుంచి జూన్ దాదాపు అంతా సెలవులే. అందుకే మే మొదటి పక్షంలో, అదీ వారం మధ్యలో వెళ్తే పార్కుల్లో క్యూలు తక్కువ. క్యూ తప్పించుకోవడానికి విడిగా కొనే ఎక్స్‌ప్రెస్ పాస్ ఖర్చు మాకు తప్పింది.

బస లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ స్టేషన్ల దగ్గర చూసుకోవడం మేలు. అక్కడ ఎక్కే ఊదా రంగు మెట్రో మధ్యలో చైనాటౌన్ మీదుగా నేరుగా హార్బర్‌ఫ్రంట్‌కి పోతుంది. అక్కడి నుంచి సెంటోసా దీవికి చిన్న రైలుంది. పిల్లల్నీ సంచుల్నీ మోసుకుంటూ హార్బర్‌ఫ్రంట్ దాకా బండి మారక్కర్లేదు. మేం దిగిన హోటల్లో గది మరీ ఇరుకు, రెండు పెట్టెలు తెరిస్తే కాలు పెట్టే చోటు లేదు. నలుగురుంటే గది కొలత అడిగాకే బుక్ చేయండి.

సెంటోసాలో ఉన్న యూనివర్సల్ మరీ పెద్దదేం కాదు, ఒక రోజు చాలు. ఉక్క విపరీతం, మధ్యాహ్నాలు వాన ఎక్కువ. ఉరుములు మెరుపులు మొదలైతే బయటి రైడ్లు ఆపేస్తారు. కాబట్టి రోలర్ కోస్టర్లు పొద్దున్నే ఎక్కేసి, మమ్మీ, ట్రాన్స్‌ఫార్మర్స్ లాంటి లోపలి రైడ్లు మధ్యాహ్నానికి ఉంచుకోండి. పెద్ద రైడ్లకు పిల్లల ఎత్తు కొలుస్తారు. ఇంట్లోనే కొలిచి, ఏవి ఎక్కనిస్తారో ముందే చెప్పేయండి, గేటు దగ్గర ఏడుపులుండవు.

ఇక నాకు ప్రాణం లేచొచ్చింది చైనాటౌన్‌లో. సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద 1827 నాటి మారియమ్మన్ గుడి, దాని పక్కనే జామే మసీదు, అదే రోడ్డులో కొంచెం ముందుకెళ్తే బుద్ధుడి దంత ధాతువు పేరిట కట్టిన పెద్ద ఆలయం. ఇలాంటి వరస నేను ఇంకెక్కడా చూడలేదు. మారియమ్మన్ గుడి మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి. కాంపాంగ్ గ్లామ్ అనే మరో పేటలో సుల్తాన్ మసీదు గుమ్మటం అడుగున నల్లటి పట్టీ కనిపిస్తుంది, అవి గాజు సీసాల అడుగులు. డబ్బివ్వలేని పేదవాళ్లు సీసాలు తెచ్చి ఇచ్చారట. అది విన్నాక మా పిల్లలు ఆ గుమ్మటం కిందే చాలాసేపు నిలబడిపోయారు. ఏ రైడూ వాళ్లనంత నిశ్శబ్దంగా నిలబెట్టలేదు.

తిండికి శాకాహారులు కూడా బెంగపడక్కర్లేదు. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ అనే శాకాహార హోటల్ ఉంది. లిటిల్ ఇండియాలోనే ఉన్న తిండి దుకాణాల సముదాయం టెక్కా సెంటర్‌లో దోసెలు, బిర్యానీ పార్కు లోపలి ధరలతో పోలిస్తే ఎంతో చవక. మంచినీళ్లు కొనకండి, కుళాయి నీళ్లు తాగొచ్చు, ఖాళీ సీసా వెంట ఉంటే చాలు.