టైర్లు మార్చింది ట్రక్కుకి, పేలింది ట్రైలర్‌ది: డాలస్ నుంచి గ్రేట్ శాండ్ డ్యూన్స్ దాకా

ఈ ట్రిప్‌కి ముందు నేను రెండు నెలల పాటు టైర్ల పిచ్చిలో పడ్డాను. మా ఆవిడ దానికి పెట్టిన పేరు "టైర్ల తపస్సు". అమ్మానాన్న సూర్యాపేట నుంచి వచ్చి ఉన్నారు, హోటళ్ళలో నాన్నకి నిద్ర పట్టదు, అమ్మకి బయటి తిండి పడదు, అందుకని ఏడాది కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్న 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) వేసుకుని 2024 జూన్ మొదటి వారంలో కొలరాడో వెళ్ళొద్దాం అనుకున్నాం. టెక్సస్‌లో పాలో డురో కాన్యన్, కొలరాడోలో ట్రినిడాడ్ లేక్, ఇసుక దిబ్బల పార్కు గ్రేట్ శాండ్ డ్యూన్స్, మళ్ళీ ఇల్లు. అటూ ఇటూ కలిపి దాదాపు 1500 మైళ్ళు.

ట్రక్కు ఫోర్డ్ ఎఫ్-150 పికప్, దాంతో వచ్చిన టైర్లు 275/65ఆర్18 సైజు, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) 116, మామూలు ప్యాసింజర్ తరహావి. అవి అరిగాయి. కొత్తవి ఎలాగూ కొనాలి, శాండ్ డ్యూన్స్ దగ్గర ఇసుక రోడ్డు కూడా ఉంది కాబట్టి ఆల్ టెరైన్, అంటే మట్టి, రాళ్ళ దారులకీ పనికొచ్చే టైర్లు, తీసుకుందాం అనుకున్నా. ఇక అక్కడి నుంచి ట్రెడ్ (రోడ్డుని తాకే గాళ్ళ భాగం) ఫోటోలు చూసుకుంటూ కూర్చున్నా. ఏది మంచు గుర్తు ఉన్నది, అంటే మూడు శిఖరాల మధ్య మంచు పువ్వు బొమ్మ ఉన్నది, ఏది ఎక్కువ మోత చేస్తుంది, ఏది చూడ్డానికి బాగుంటుంది, ఇదే గోల. బీఎఫ్‌గుడ్‌రిచ్ కేఓ2, ఫాల్కెన్ వైల్డ్‌పీక్, టోయో ఓపెన్ కంట్రీ ఏటీ3, మిషెలిన్ ఎల్‌టీఎక్స్ ఏటీ2 అన్నీ తిప్పి తిప్పి చూసి చివరికి టోయో తీసుకున్నా.

ట్రెడ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుందని నాకు ఆలస్యంగా తెలిసింది. అదే పేరుతో అదే సైజులో రెండు వేరు వేరు టైర్లు ఉంటాయి. ఒకటి మామూలుది, రెండోది సైజు ముందు ఎల్‌టి అని ఉండేది, అంటే లైట్ ట్రక్. ఎల్‌టిలో మళ్ళీ సి, డి, ఇ రేంజ్‌లు, గరిష్ఠ గాలి మామూలుగా 50, 65, 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). అక్షరం పెరిగేకొద్దీ టైరు మోసే బరువు పెరుగుతుంది, టైరు సొంత బరువూ పెరుగుతుంది, ప్రయాణం గట్టిగా మారుతుంది. టోయోలోనే మామూలు సైజులకి 65,000 మైళ్ళ వారంటీ ఉంటే ఎల్‌టికి 50,000 మాత్రమే. ట్రైలర్ లాగుతాం కదా, పెద్దది తీసుకుంటే పోలా అని కళ్ళు మూసుకుని ఇ రేంజ్ కొట్టేశా.

తర్వాత లెక్క వేస్తే నవ్వొచ్చింది. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని తూకం ఉంటుంది, లారీలు తూచేది, మనమూ తూచుకోవచ్చు, ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ మూడూ విడివిడిగా కాగితం మీద వస్తాయి. ట్రైలర్ తగిలించి, ఐదుగురం ఎక్కి, సామాను వేసుకుని తూగితే వెనక ఇరుసు మీద 3,480 పౌండ్లు. అంటే ఒక్కో టైరు మీద 1,740. పాత ప్యాసింజర్ టైరు రేటింగ్ 2,756 పౌండ్లు. పికప్ ట్రక్కు మీద వాడుతున్నందుకు దాన్ని 1.1తో భాగించినా 2,505 వస్తుంది. అంటే బరువు పరంగా పాత రకమే హాయిగా సరిపోయేది! ఇ రేంజ్ మోసేది 3,417 పౌండ్లు, అంత నాకు ఏ జన్మలోనూ అక్కర్లేదు. నా ట్రక్కులో ముందుగా అయిపోయేది టైరు సత్తా కాదు, డోర్ స్టిక్కర్ మీద రాసిన పేలోడ్, అంటే ట్రక్కు మీద మోయగల మొత్తం బరువు. కొక్కెం మీద పడే బరువు (ట్రైలర్ మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు, మాది 700 పౌండ్లు), దానికి ఐదుగురు మనుషులు, అమ్మ సర్దిన పచ్చళ్ళ జాడీలు, అన్నీ అందులోకే రావాలి.

మరి ఎల్‌టి వల్ల లాభం లేదా అంటే ఉంది. పక్క గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి పెద్ద లారీ పక్క నుంచి దూసుకెళ్ళినప్పుడు ట్రక్కు వెనక భాగం పాత టైర్ల మీద ఊగినట్టు ఊగదు, ఆ తేడా మొదటి యాభై మైళ్ళలోనే తెలిసింది. రాళ్ళ రోడ్డు మీద కోతలు పడే భయం కూడా తక్కువ. అయితే ఆ తేడా రావాలంటే గాలి సరిగ్గా ఉండాలి. నేను టైర్లు వేయించుకున్న షాపు వాళ్ళు డోర్ స్టిక్కర్ చూసి నాలుగింటికీ 35 కొట్టి పంపారు. ఆ 35 పాత రకం టైరుకి రాసిన అంకె. అదే సైజు ఎల్‌టి టైరు 35 దగ్గర ప్యాసింజర్ టైరు కంటే తక్కువ బరువు మోస్తుంది, గట్టి టైరు కదా అనుకుంటాం గానీ దానికి గాలి ఎక్కువ కావాలి. ట్రైలర్ తగిలించి మా వీధి చివర మలుపు తిరిగేసరికి వెనక భాగం జెల్లీలా అనిపించింది. కంపెనీ లోడ్ పట్టిక చూసుకుని వెనక 50, ముందు 42 పెట్టాక దారికొచ్చింది. ఇంకో సంగతి, చక్రం ఊడదీసి బిగించాక వంద మైళ్ళ లోపు నట్లు మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి, ఈ ట్రక్కుకి 150 ఫుట్ పౌండ్లు. నావి రెండు వదులుగా ఉన్నాయి. ఆ షాపుకి మళ్ళీ వెళ్ళను.

బయల్దేరే రోజు పొద్దున్నే నాన్న ట్రైలర్ చుట్టూ తిరిగారు. మా బాబాయికి ఒకప్పుడు లారీ ఉండేది, ఆ అలవాటు నాన్నకీ కొంచెం అంటింది, టైరు కనపడితే తట్టకుండా ఉండలేరు. "ఇవి ఎప్పటివిరా?" అన్నారు ట్రైలర్ టైర్లు చూపించి. "ట్రెడ్ చూడండి నాన్నా, ఒక్క గాడి కూడా అరగలేదు" అన్నా. ఆయన ఊరుకున్నారు.

287 హైవే మీద విచిత ఫాల్స్, వెర్నన్, క్వానా దాటాం. బయట 97 డిగ్రీల ఫారెన్‌హీట్. నేను గంటకి 70 మైళ్ళలో పోతున్నా. చిల్డ్రెస్ ఇంకా పదిహేను మైళ్ళు ఉందనగా పక్క లేన్లో కారావిడ హారన్ కొట్టి వెనక్కి చూపించింది. నాకు స్టీరింగ్‌లో ఏమీ తెలియలేదు, రెండు ఇరుసుల ట్రైలర్‌లో అదే ప్రమాదం, ఒకటి పోయినా మిగతావి మోసేస్తాయి. ఆపి చూస్తే ఎడమ వెనక టైరు ట్రెడ్ మొత్తం అరటి తొక్కలా ఊడిపోయి, పైనున్న ఫెండర్ ప్లాస్టిక్‌ని చీల్చి పారేసింది. టైరు పక్కన తయారీ తేదీ చెప్పే డాట్ కోడ్ చూస్తే చివరి నాలుగంకెలు 1818. 2018లో 18వ వారం. ఆరేళ్ళ టైరు. ట్రైలర్ టైర్లు అరిగిపోయి పోవు, ఎండలో నిలబడి నిలబడి ముసలివైపోతాయి, అందుకే ఐదారేళ్ళకి మార్చమంటారు. పైగా పాత ఎస్‌టి (ట్రైలర్ల కోసమే చేసే) టైర్లు చాలావరకు 65 మైళ్ళ వేగానికే చేసినవి. నేనేమో రెండు నెలలు ట్రక్కు టైర్ల ట్రెడ్ ఫోటోలు చూస్తూ గడిపా.

రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే ట్రక్కుకి వస్తాం, ట్రైలర్ మీ ప్లాన్‌లో లేదు అన్నారు. కావాలంటే డబ్బు కట్టండి, మూడు గంటలు పడుతుంది. (మీ ప్లాన్‌లో ట్రైలర్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, నేను ఏడాదిగా ఉందనే అనుకుంటున్నా.) సరే అని మేమే దిగాం. రెండు ఇరుసుల ట్రైలర్‌కి జాకీ అక్కర్లేదు, అదే వైపు బాగున్న చక్రాన్ని లెవెలింగ్ దిమ్మల మీదికి ఎక్కిస్తే పేలినది గాల్లోకి లేస్తుంది. నట్లు ముందే కాస్త వదులు చేసుకోవాలి. ట్రక్కు స్పానరే దానికీ పట్టింది. స్టెప్నీలో గాలి 50 ఉండాల్సింది 30 ఉంది! ఇసుక రోడ్డు కోసమని కొన్న చిన్న కంప్రెసర్ అక్కడ, ఆ ఎండలో, మొదటిసారి పనికొచ్చింది. నాన్న గొడుగు పట్టుకుని నిలబడ్డారు, పొద్దుటి మాట ఎత్తలేదు.

చిల్డ్రెస్‌లో ఓ చిన్న టైర్ల షాపు. వాళ్ళ దగ్గర మా 14 అంగుళాల సైజులో డి రేంజ్‌వి రెండే ఉన్నాయి. పాతవి సి రేంజ్, ఒక్కోటి 1,760 పౌండ్లు. డి అయితే 65 పీఎస్‌ఐ దగ్గర 2,040. రిమ్ అంత గాలి తట్టుకుంటుందో లేదో వెనకవైపు అచ్చు వేసిన రేటింగ్ చూసి మరీ బిగించాడు ఆ పెద్దాయన, టార్క్ రెంచ్‌తో. మిగతా రెండు మర్నాడు అమరిల్లోలో మార్చాం. తూకం కాగితం ప్రకారం ట్రైలర్ చక్రాల మీద పడుతున్నది 4,980 పౌండ్లే, నాలుగు పాత టైర్లు కలిపి 7,040 మోయాలి. కాబట్టి ఓవర్‌లోడ్ కాదు. వయసు, ఎండ, నా వేగం.

ఇక బసలు. పాలో డురో స్టేట్ పార్క్ అమెరికాలో రెండో పెద్ద కాన్యన్ అంటారు. కిందికి దిగే రోడ్డు 10 శాతం వాలు, గేరు తగ్గించుకుని బ్రేకు మీద కాలు తక్కువ పెట్టి దిగితే ఇబ్బంది లేదు, అమ్మ మాత్రం కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా చదువుకుంది. కరెంటు, నీళ్ళు ఉన్న సైట్లు, అడవి టర్కీ కోళ్ళు గుమ్మం దాకా వస్తాయి. జూన్‌లో మధ్యాహ్నం లోయ పెనంలా కాలుతుంది, లైట్‌హౌస్ ట్రెయిల్ దాదాపు ఆరు మైళ్ళు, పొద్దున ఆరింటికి మొదలుపెట్టకపోతే పెద్దవాళ్ళతో అసలు వద్దు. ఇంకో పాఠం: 30 ఆంప్ లైను మీద ఏసీ తిరుగుతుండగా అమ్మ ఇండక్షన్ స్టవ్ మీద పప్పు పెట్టింది, బ్రేకర్ టప్పున పడింది. తర్వాత వంట గ్యాస్ మీదే.

దారిలో న్యూ మెక్సికోలో కపులిన్ వాల్కనో అనే పాత అగ్నిపర్వతం. కొండ మీదికి రెండు మైళ్ళ సన్న రోడ్డు, ట్రైలర్లు ఎక్కనివ్వరు, కింద విజిటర్ సెంటర్ దగ్గర విప్పేసి వెళ్ళాం. పైనుంచి చూసి నాన్న అరగంట కదల్లేదు. తర్వాత రాటన్ పాస్, 7,834 అడుగులు, లారీల వెనక నెమ్మదిగా ఎక్కాం. ట్రినిడాడ్ లేక్ ఒక్క రాత్రే, కార్పియోస్ రిడ్జ్ క్యాంపుగ్రౌండ్‌లో కరెంటు ఉంది, శుభ్రంగా ఉంది, అంతకు మించి చెప్పడానికి లేదు.

గ్రేట్ శాండ్ డ్యూన్స్ లోపల పిన్యాన్ ఫ్లాట్స్ చాలా అందమైన చోటు గానీ కరెంటు, నీళ్ళ కనెక్షన్లు లేవు, పైగా మాకు దొరకలేదు. ఒక రాత్రి జపాటా ఫాల్స్ క్యాంపుగ్రౌండ్‌లో ఉన్నాం. హైవే 150 నుంచి పైకి మూడు మైళ్ళ పైన రాళ్ళ రోడ్డు, చాలా నెమ్మదిగా వెళ్తే అరగంట పట్టింది. ట్రిప్ మొత్తంలో ట్రైలర్ లాగుతున్నప్పుడు ఆల్ టెరైన్ టైర్ల అవసరం కనిపించింది ఇక్కడే, అదీ పట్టు కోసం కాదు, పదునైన రాళ్ళ నుంచి పక్క గోడలు కాపాడుకోవడానికి. రాత్రి ఆకాశం చూస్తే ఆ కుదుపులన్నీ మర్చిపోతాం. పొద్దున లేచి చూస్తే అరల్లో గిన్నెలు మాత్రం నేల మీద. నీళ్ళు ఉండవు, ట్యాంకు నింపుకుని వెళ్ళాలి. పెద్దవాళ్ళతో రెండో రాత్రి వద్దనుకుని పార్కు గేటు బయట ఉన్న ఓయాసిస్‌కి మారాం, అక్కడ హుకప్‌లు (కరెంటు, నీళ్ళ కనెక్షన్లు), చిన్న కొట్టు, స్నానాలకి వేడి నీళ్ళు. కొలరాడోలో అమ్మకి నచ్చిన బస అదొక్కటే.

పార్కులో జూన్ మొదట్లో మెడానో వాగు పారుతుంది, నీటి అడుగున ఇసుక చిన్న చిన్న కట్టలు కట్టి తెగుతుంటే అలలు అలలుగా వస్తుంది, మా పిల్లాడు నాలుగు గంటలు అందులోనే. దిబ్బలు 741 అడుగుల దాకా ఉంటాయి, నేను సగం ఎక్కి దిగిపోయా. ట్రైలర్ ఓయాసిస్‌లో వదిలి మెడానో పాస్ రోడ్డు మీద క్యాజిల్ క్రీక్ దాకా వెళ్ళాం. లోతైన ఇసుక, ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి, గాలి 20కి దించాను. ఈ గట్టి ఇ రేంజ్ టైరు 20 దగ్గర కూడా సగం బిగుసుకునే ఉంటుంది, ప్యాసింజర్ టైరు అంతకన్నా బాగా పరుచుకునేదేమో అనిపించింది. తిరిగొచ్చాక క్యాంపుగ్రౌండ్ దగ్గర పార్కు వాళ్ళే పెట్టిన ఉచిత గాలి మిషన్ ఉంది, చలికాలంలో ఉండదట. అక్కడ తెల్లారి చల్లదనానికి ట్రైలర్ టైర్లు ఏడెనిమిది పీఎస్‌ఐ తగ్గి కనిపిస్తే కంగారుపడ్డా. పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి గాలి సుమారు రెండు శాతం మారుతుంది, చల్లటి పొద్దున కొలిచి అప్పుడే సరిచేసుకోవాలి.

1500 మైళ్ళలో తారు రోడ్డు కానిది పాతిక మైళ్ళు కూడా లేదు. పాత టైర్లతో పోలిస్తే ట్రైలర్‌తో మైలేజీ గ్యాలన్‌కి పదిన్నర మైళ్ళ నుంచి తొమ్మిదిన్నరకి పడింది, నాన్న నడుము ప్రతి వంతెన అతుకు దగ్గరా మూలిగింది. ఈ టైర్లు అరిగాక ఇ రేంజ్ తీసుకోను. చెవీ సిల్వరాడో ట్రైల్ బాస్ పికప్‌కి కంపెనీ నుంచే సి రేంజ్ ఎల్‌టి టైర్లు ఇదే సైజులో వస్తాయి, మా బరువుకి అదే సరైనదని ఇప్పుడు అనిపిస్తోంది. మీరు ఇసుక, రాళ్ళ జోలికి పోకుండా ఆర్‌వీ పార్కు (ట్రైలర్లు నిలిపే బస) నుంచి ఆర్‌వీ పార్కుకి తిరిగేవాళ్ళయితే ఆల్ టెరైనే అక్కర్లేదు, మంచి హైవే టైరు వేసుకుని మిగిలిన డబ్బుతో ట్రైలర్ టైర్లకి గాలి చూపించే సెన్సర్లు కొనుక్కోండి. నేను ఇంటికొచ్చిన మర్నాడే కొన్నా. స్టెప్నీకి కూడా ఒకటి తగిలించా.